పరుసవేదిని తెలివైనవారు ఎందుకు నమ్మారు?

1667 మార్చిలో తత్వవేత్త స్పినోజా తన మిత్రుడు యారిఖ్ యెల్లెస్‌కు రాసిన ఉత్తరంలో ఒక విచారణ వివరాలు ఉన్నాయి. హేగ్ నగరంలో హెల్వెటియస్ అనే వైద్యుడు సీసాన్ని బంగారంగా మార్చాడన్న కబురు అప్పటికే నలుగురి నోళ్లలో నానుతోంది. స్పినోజా దీని గురించి మొదట వోసియస్ అనే పండితుణ్ణి అడిగితే, ఆయన పెద్దగా నవ్వి, ఇలాంటి విషయం అడగడమే వింతగా ఉందన్నాడు. స్పినోజా అంతటితో ఊరుకోక, ఆ బంగారాన్ని పరీక్షించిన బ్రెఖ్టెల్ట్ అనే కంసాలి దగ్గరికి వెళ్లాడు. కరిగించి వేరుచేసే క్రమంలో బంగారం బరువు పెరిగిందనీ, మూసలో వేసిన వెండి కూడా బంగారమైందనీ ఆ కంసాలి చెప్పాడు. అక్కడి నుంచి స్పినోజా నేరుగా హెల్వెటియస్ ఇంటికే వెళ్లాడు. ఆ వైద్యుడు బంగారాన్నీ, లోపలి గోడలకు ఇంకా బంగారం అంటుకుని ఉన్న మూసనూ చూపించి, కరిగిన సీసంలో తాను వేసిన పదార్థం బార్లీ గింజలోనో ఆవగింజలోనో నాలుగో వంతుకు మించదన్నాడు. తనకు తెలిసింది ఇంతేనని చెప్పి స్పినోజా ఆ ప్రస్తావన ముగించాడు.

ఏ విషయాన్నైనా హేతువుతో తూచి చూసే మనిషి, పనిగట్టుకుని ముగ్గురిని విచారించి కూడా, దీన్ని అబద్ధమని తేల్చలేకపోయాడు. పరుసవేది కథలో మనం పట్టించుకోవలసిన చిక్కుముడి ఇదే. అలాంటి రాయి లేదని ఈనాడు బడిపిల్లలకూ తెలుసు. కానీ రాబర్ట్ బాయిల్, ఐజాక్ న్యూటన్ వంటివారు దాన్ని వెతకడానికి ఏళ్ల తరబడి కొలిమి దగ్గర ఎందుకు కూర్చున్నారన్న ప్రశ్నకు మూఢనమ్మకం, అత్యాశ అన్న రెండు మాటలతో జవాబు రాదు. ఆ కాలానికి అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే పరుసవేది ఒక సబబైన అంచనా అని నా అభిప్రాయం. అత్యాశ ఆ అంచనాను వాడుకుంది, దాని పేరు చెడగొట్టింది, కానీ దాన్ని పుట్టించింది మాత్రం కొలిమిలో కనిపించిన నిజాలే.

రాయి అన్నది నిజానికి ఒక పొడి

మన జానపద కథల్లో పరుసవేది తాకితే చాలు, ఇనుము బంగారమైపోతుంది. ఎన్నిసార్లు తాకించినా దాని శక్తి తరగదు. యూరప్ రసవాదులు వర్ణించిన వస్తువు ఇలాంటిది కాదు. అది ఎర్రగా, చాలా బరువుగా, మైనంలా తేలిగ్గా కరిగే గుణంతో ఉంటుందని వారు రాశారు. దాన్ని పొడి చేసి, రవ్వంత మైనంలో చుట్టి, కరిగిన సీసంలోనో వేడెక్కిన పాదరసంలోనో వేస్తే, కొద్ది నిమిషాల్లో ఆ మూసలో ఉన్నదంతా బంగారం కావాలి. పొడి మాత్రం ఆ పనిలోనే ఖర్చయిపోతుంది. ఎర్రపొడి బంగారాన్నిస్తే, తయారీలో దానికి ముందు దశలో వచ్చే తెల్లపొడి వెండినిస్తుందని కూడా చెప్పేవారు. అంటే వారి ఊహలో ఉన్నది మంత్రశక్తి గల రత్నం కాదు, ఒక క్రమం ప్రకారం తయారుచేయగల ఔషధం లాంటిది. జబ్బుపడిన లోహానికి అది మందు. సీసమూ తగరమూ సరిగా పండని బంగారమే అయితే, వాటిని త్వరగా పండించే పదార్థం ఒకటి ఉండి తీరాలన్నది వారి తర్కం.

కళ్లెదుట మారిపోతున్న లోహాలు

ఈ తర్కం గాలిలోంచి రాలేదు. గనుల్లో, కొలిముల్లో పనిచేసేవారికి లోహాలు మారడం రోజూ కనిపించే సంగతి. సీసపు ఖనిజాన్ని కాల్చి తీసిన సీసాన్ని ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో పెట్టి, గాలి ఊదుతూ ఎర్రగా కాలిస్తే, సీసం కొంచెం కొంచెంగా భస్మమై గిన్నెలోకి ఇంకిపోతుంది. చివరికి పొర చీలినట్టు ఒక్కసారిగా తళుక్కుమని చిన్న వెండిపూస మిగులుతుంది. ఆ ఖనిజంలో వెండి ముందే కలిసి ఉందనీ, సీసం పోగా అదే మిగిలిందనీ మనకు తెలుసు. మూసలో సీసం పెట్టి వెండి తీసుకున్న పనివాడికి, కొంత సీసం వెండిగా పండిందని అనిపించడంలో వింత లేదు.

ఇంతకన్నా నమ్మకం కలిగించే దృశ్యం ఈనాటి స్లొవేకియాలోని హెరెన్‌గ్రుండ్ గనుల దగ్గర కనిపించేది. అక్కడి నీటిలో మైలుతుత్తం అనే రాగి లవణం కరిగి ఉంటుంది. పాత ఇనుప ముక్కలను ఆ నీటిలో కొన్ని వారాలు వదిలేస్తే వాటి స్థానంలో రాగి మిగిలేది. ఆ రాగితో గిన్నెలు చేసి, వాటి మీద ఈ వింతను చెక్కి, సందర్శకులకు అమ్మేవారు. ఇనుము నీటిలో కరుగుతుంటే, అంతకుముందు నీటిలో ఉన్న రాగి దాని మీద పేరుకుంటుందన్న వివరణ లేనప్పుడు, చూసినవారు ఇనుము రాగిగా మారిందనక ఇంకేమంటారు? రాగికి ఒక రకం మట్టిరాయిని కలిపి కాలిస్తే పసుపుపచ్చని ఇత్తడి వచ్చేది కూడా ఇలాంటిదే. ఆ రాయిలో యశదం (జింక్) అనే వేరే లోహం ఉందని యూరప్‌కు స్పష్టంగా తెలిసేసరికి 18వ శతాబ్దం వచ్చింది. అంతవరకూ ఇత్తడి అంటే పచ్చరంగు ఎక్కిన రాగి. ఒక లోహానికి కొంత బంగారు రంగు ఎక్కుతుందని తేలిన తరవాత, పూర్తిగా ఎందుకు ఎక్కదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

రంగు నుంచి సిద్ధాంతానికి

రసవాదం తొలి ఆనవాళ్లు ఈజిప్టులోని రంగుల పనివాళ్ల దగ్గరే దొరుకుతాయి. అక్కడ దొరికి ఇప్పుడు లైడెన్, స్టాక్‌హోమ్ నగరాల్లో ఉన్న రెండు పాపిరస్ గ్రంథాలు సుమారు 3, 4 శతాబ్దాల నాటివి. వాటిలో బంగారాన్ని ఎక్కువ చేయడం, రాగికి వెండి రంగు తేవడం, నకిలీ రత్నాలు చేయడం, ఉన్నికి రంగు వేయడం వంటి వంటకాల్లాంటి సూచనలు వరసగా ఉన్నాయి. అందులో తత్వచింతన ఏమీ లేదు. తాము చేస్తున్నది పోలిక మాత్రమేనని రాసినవారికి తెలుసు. క్రీ.శ. 300 ప్రాంతంలో ఈజిప్టులోనే గ్రీకు భాషలో రాసిన జోసిమస్ నాటికి ఈ పనివాళ్ల విద్య గ్రీకు తత్వంతో కలిసింది. పైపై రంగు కాకుండా లోహం స్వభావాన్నే మార్చవచ్చునన్న ఆశ అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఆశకు తత్వం ఇచ్చిన ఆసరా అరిస్టాటిల్‌ది. ఆయన లెక్కలో వస్తువులన్నీ భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు భూతాల మిశ్రమాలే, ఆ భూతాలు కూడా ఒకటి మరొకటిగా మారగలవు. లోహాలు భూగర్భంలోని ఆవిర్ల నుంచి పుడతాయని కూడా ఆయన చెప్పాడు. 8, 9, 10 శతాబ్దాల్లో అరబ్బు రచయితలు, ముఖ్యంగా జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో వచ్చిన గ్రంథాలు, ఈ ఆవిర్లను గంధకమూ పాదరసమూ అన్నాయి. ఈ రెండూ ఎంత శుద్ధంగా, ఏ పాళ్లలో, ఎంత వేడిలో కలిశాయన్నదాన్ని బట్టి బంగారమో సీసమో అవుతుంది. ఈ సిద్ధాంతం ఎంత పనికొచ్చిందో గమనించాలి. లోహాలు కరిగితే పాదరసంలా ప్రవహిస్తాయి, తగరమూ సీసమూ కాలిస్తే భస్మమవుతాయి, పాదరసాన్నీ గంధకాన్నీ కలిపి నూరితే నల్లని పొడి వచ్చి, దాన్ని వేడిచేస్తే ఎర్రని ఇంగిలీకంగా పైకి లేస్తుంది. పైగా ఆనాటికి తెలిసిన లోహాల్లో పాదరసంలో మునిగేది బంగారం ఒక్కటే. ఇనుము, రాగి, తగరం, వెండి, చివరికి అంత బరువైన సీసం కూడా దానిపై తేలతాయి. బంగారానికీ పాదరసానికీ ఏదో దగ్గరి చుట్టరికం ఉందని ఎవరికైనా అనిపిస్తుంది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఇబ్న్ సీనా 11వ శతాబ్దంలోనే ఖండించాడు. పనివాళ్లు ఎంత గొప్పగా రంగు ఎక్కించినా లోహాల జాతి మారదనీ, ఒక లోహాన్ని మరొక లోహం నుంచి వేరుచేసే అసలు లక్షణం ఏమిటో మనకు తెలియదు కనుక, తెలియనిదాన్ని తీసేయడం గానీ పెట్టడం గానీ సాధ్యం కాదనీ ఆయన వాదన. ఈ భాగం లాటిన్‌లోకి వెళ్లినప్పుడు అరిస్టాటిల్ గ్రంథానికి జతచేరి, చాలాకాలం అరిస్టాటిల్ మాటగానే చలామణీ అయింది. ఈ వాదన ఎంత లోతైనదో చివరికి 20వ శతాబ్దంలో తేలింది. రసవాదులు మాత్రం దానికి ఒక జవాబు కనిపెట్టారు: లోహాన్ని ముందు దాని మూలపదార్థం దాకా కరిగించి, ఆ తరవాత కొత్త రూపం ఇస్తామన్నారు.

లోహం తరవాత దేహం

భారతదేశంలో రసశాస్త్రం దారి వేరు. ఇక్కడ గంధకమూ పాదరసమూ లోహాలకు మూలాలని సిద్ధాంతీకరించడం కన్నా, పాదరసాన్ని శుద్ధి చేసి ‘కట్టడం’, అంటే జారిపోకుండా గట్టిపరచడం మీద దృష్టి ఎక్కువ. రసగ్రంథాలు పాదరసానికి 18 సంస్కారాలు చెబుతాయి. స్వేదనం, మర్దనం, మూర్ఛనలతో మొదలయ్యే ఆ వరసలో చివరి మెట్లు వేధ, శరీరంలోకి స్వీకరించడం. సిద్ధమైన రసం ముందు లోహంలో చొచ్చి దాన్ని బంగారం చేయగలగాలి. అప్పుడే దాన్ని మనిషి తీసుకోవాలి. లోహంలో ఎలాగో దేహంలో అలాగే అన్నది రసార్ణవంలోని మాట. అంటే బంగారం ఇక్కడ పరీక్ష మాత్రమే, గమ్యం చావులేని దేహం. 14వ శతాబ్దంలో విజయనగరానికి చెందిన మాధవుడు తన సర్వదర్శన సంగ్రహంలో ‘రసేశ్వర దర్శనం’ పేరుతో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పాదరసం విద్యను ఒక తత్వదర్శనంగా లెక్కించిన ఉదాహరణ ఇంకెక్కడైనా ఉందేమో నేనెరగను.

తెలుగునేలకు ఈ విద్యతో ఉన్న అనుబంధం శ్రీశైలం ద్వారా వచ్చింది. నిత్యనాథుడి రసరత్నాకరం శ్రీశైలం చుట్టుపక్కల సిద్ధిస్థలాలనూ, అక్కడి రాళ్లనూ నీళ్లనూ ప్రత్యేకంగా వర్ణిస్తుంది. అంతకు చాలా ముందే, 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఒక కథ రాసుకున్నాడు: శాతవాహన రాజు కొండను తొలిచి నాగార్జునుడి కోసం విహారం కట్టిస్తూ ఉండగా ఖజానా ఖాళీ అయితే, ఆయన ఒక దివ్యరసాన్ని రాళ్ల మీద చిలకరించి వాటిని బంగారం చేశాడట. మాధ్యమిక తత్వం చెప్పిన బౌద్ధాచార్యుడూ, రసగ్రంథాల్లో వినిపించే నాగార్జునుడూ ఒకరే కావడానికి కాలం ఒప్పుకోదు. శతాబ్దాల తేడా ఉన్నవారిని ఒకే పేరు కలిపేసింది. వేమన జీవితం గురించిన లోకకథల్లో కూడా బంగారం చేసే హేమతారక విద్య ఒక ఘట్టంగా నిలిచిపోయింది. ఈ కథలు చరిత్రకు సాక్ష్యాలు కావు, కానీ ఈ ఆలోచన మన ఊళ్లలో ఎంత పరిచితమో చెబుతాయి.

రాజును మింగిన తోడేలు

యూరప్ రసవాద గ్రంథం తెరిచిన పాఠకుడికి మొదట ఎదురయ్యేది అర్థంకాని బొమ్మలు. రాజూ రాణీ, పక్షులూ పాములూ, సమాధులూ. వీటిని మనసు లోతుల్లోంచి వచ్చిన ప్రతీకలుగా వివరించిన మానసిక శాస్త్రవేత్తలు ఉన్నారు. అయితే ఈ నాలుగు దశాబ్దాల్లో లారెన్స్ ప్రిన్సిపే, విలియం న్యూమన్ వంటి చరిత్రకారులు ఆ వాక్యాలను ప్రయోగశాలలోకి తీసుకెళ్లి చూశారు. వాటిలో చాలా భాగం మారుపేర్లతో రాసిన నిజమైన పనిసూచనలని తేలింది.

బేసిల్ వాలెంటైన్ అనే పేరుతో 1599లో వెలువడిన పుస్తకంలోని మొదటి ‘తాళంచెవి’ని చూడండి. ఆకలిగొన్న బూడిదరంగు తోడేలుకు రాజు దేహాన్ని వేయాలి, అది మింగిన తరవాత పెద్ద మంట పెట్టి తోడేలును కాల్చేయాలి, అప్పుడు రాజు బతికి బయటికొస్తాడని అక్కడ ఉంది. రాజు బంగారం. తోడేలు స్టిబ్నైట్ అనే ఖనిజం, అంటే కంటికి పెట్టుకునే సుర్మాకు వాడిన అంజనరాయి. అది కరిగినప్పుడు లోహాలను నిజంగానే మింగినట్టు కలుపుకుంటుంది. మాలిన్యం ఉన్న బంగారాన్ని దానిలో వేస్తే, రాగీ వెండీ అందులోని గంధకంతో కలిసి పైకి తేలతాయి, బంగారం మాత్రం ఆ ఖనిజంలోని ఆంటిమొనీ లోహంతో కలిసి అడుక్కు చేరుతుంది. ఆ ముద్దను విడిగా తీసి బాగా కాలిస్తే ఆంటిమొనీ పొగై పోయి, మేలిమి బంగారం మిగులుతుంది. కథలోని ప్రతి మాటా ఒక రసాయన చర్యకు సరిగ్గా సరిపోతుంది. ఆ చర్య మూసలో జరిగి తీరుతుంది కూడా. మొదటి తాళం ఇలా తెరుచుకున్నాక, మిగతా తాళాలు కూడా తెరుచుకుంటాయని నమ్మి ముందుకు పోయినవారిని తెలివితక్కువవారనడం న్యాయం కాదు.

ఇంత దాపరికం ఎందుకన్నది వేరే ప్రశ్న. బంగారం చేసే విద్య అందరికీ తెలిస్తే నాణేల విలువ పడిపోతుందన్న భయం, విద్యకు అర్హులే రావాలన్న పట్టుదల, రాజులు పట్టుకుపోతారన్న జాగ్రత్త, మూడూ అందులో ఉన్నాయి. వాటి ఫలితం మాత్రం ఒక్కటే: ఎవరి ప్రయోగం విఫలమైనా, సూచన తప్పని తేలదు. నేనే మారుపేరును తప్పుగా అర్థం చేసుకున్నాననో, పదార్థం శుద్ధి కాలేదనో, నెలల తరబడి ఒకే వేడి నిలపలేకపోయాననో అనుకోవలసి వస్తుంది. తప్పని రుజువు కాలేని సిద్ధాంతం ఎంతకాలమైనా బతుకుతుంది.

గాజు గుడ్డులో పెరిగిన చెట్టు

జార్జ్ స్టార్కీ 1628లో బెర్ముడాలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, లండన్ చేరి, 1665 ప్లేగులో చనిపోయాడు. ఐరీనియస్ ఫిలాలెథీస్ అనే కల్పిత గురువు పేరు పెట్టుకుని ఆయన రాసిన పుస్తకాలను ఆ శతాబ్దంలో రసవాదులందరూ చదివారు. 1651లో ఆయన బాయిల్‌కు రాసిన ఒక ఉత్తరంలో ‘తాత్విక పాదరసం’ తయారీ ఉంది. అంజనరాయిని ఇనుముతో కలిపి కరిగించి ఆంటిమొనీ లోహం తీయాలి. అది నెమ్మదిగా చల్లారితే పైభాగాన ఫెర్న్ ఆకుల్లాంటి స్ఫటికాలు మధ్య నుంచి అంచులకు పరుచుకుని నక్షత్రంలా కనిపిస్తాయి. ఆ నక్షత్రాన్ని వెండితో కలిపి, పాదరసంలో నూరి, నల్లని మురికి పోయేదాకా కడిగి, ఆవిరిగా మార్చి చల్లార్చి పట్టి, మళ్లీ అదే పని పలుమార్లు చేయాలి. చివరికి మిగిలే పాదరసానికి బంగారం కలిపి, గుడ్డు ఆకారపు గాజుబుడ్డిలో మూసి వేడి చేయాలి.

ప్రిన్సిపే ఈ సూచనలను ఉన్నదున్నట్టు అనుసరించి చూశారు. కొద్ది రోజుల వేడి తరవాత, గాజుబుడ్డిలోని బూడిదరంగు ముద్ద ఉబ్బి, అందులోంచి కొమ్మలూ రెమ్మలూ ఉన్న లోహపు చెట్టు లేచింది. ఈ ‘తాత్వికుల చెట్టు’ గురించి పాత పుస్తకాలు చెబితే మనం కవిత్వమనుకున్నాం. అది బంగారం, పాదరసం కలిసిన మిశ్రమపు స్ఫటికాలు పెరిగిన తీరు తప్ప మరేమీ కాదు. కానీ లోహాలు గింజల్లా మొలకెత్తి పెరుగుతాయని నమ్మిన మనిషి, తన కొలిమి మీద బంగారం నిజంగా మొలకెత్తడం చూస్తే, సగం దూరం వచ్చేశాననుకుంటాడు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు కీలకం ఇక్కడే ఉంది: వారు చూసినవి అబద్ధాలు కావు, వాటి నుంచి చేసిన ఊహ తప్పు.

న్యూటన్ ఆ స్టార్కీ సూచనలను తన చేతితో రాసుకున్నాడు. రసవాదం మీద ఆయన రాసిన కాగితాలు సుమారు పది లక్షల మాటలు ఉంటాయి. 1936లో వేలానికి వచ్చినప్పుడు వాటిలో చాలా వాటిని ఆర్థికవేత్త కీన్స్ కొన్నారు. 1676లో బాయిల్ బంగారంతో కలిస్తే వేడెక్కే పాదరసం గురించి వ్యాసం ప్రచురించినప్పుడు, న్యూటన్ రాయల్ సొసైటీ కార్యదర్శికి ఉత్తరం రాసి, ఇలాంటి విషయంలో బాయిల్ మౌనం పాటిస్తే మంచిదని సూచించాడు. గురుత్వాకర్షణ లెక్కలు వేసిన మనసు, కొలిమి ముందు కూర్చున్న మనసు వేరువేరు కావు. పదార్థపు సూక్ష్మకణాల మధ్య పనిచేసే బలాలేమిటో తెలుసుకోవడానికి ఆయనకు ఇది కూడా ఒక దారి.

మూస అడుగున దాచిన బంగారం

మోసగాళ్లు లేరని కాదు. రాజులకు యుద్ధాలకు డబ్బు కావాలి, ఆ డబ్బు ఇస్తామనేవారు ఎప్పుడూ దొరుకుతారు. పోప్ 22వ జాన్ 1317లోనే రసవాద బంగారాన్ని అసలు బంగారంగా చలామణీ చేసేవారిని శిక్షించే ఆజ్ఞ ఇచ్చాడు. ఇంగ్లండ్‌లో 1404 చట్టం బంగారం ‘పెంచడాన్ని’ నేరంగా ప్రకటించింది. 1689లో దాన్ని రద్దు చేయించడానికి పాటుపడిన వారిలో బాయిల్ ఉన్నాడు. 1597లో వుర్టెంబర్గ్ ప్రభువు తనను మోసగించిన హోనావర్ అనే రసవాదిని ఇనుప ఉరికొయ్యకు వేలాడదీయించాడు.

మోసం ఎలా జరిగేదో 1722లో పారిస్ అకాడమీ ముందు ఎతియెన్ ఫ్రాన్సువా జొఫ్రువా విడమరిచి చెప్పాడు. రెండు అడుగులున్న మూస తీసుకుని, కింద బంగారపు పొడి పెట్టి, పైన మైనంతో పూత పూసి మట్టిరంగు వేస్తారు, వేడికి పూత కరిగి బంగారం బయటపడుతుంది. లోపల డొల్లగా ఉన్న కలిపే కడ్డీలో, తొలిచిన బొగ్గుముక్కలో కూడా ఇలాగే దాస్తారు. సగం బంగారం, సగం ఇనుము అతికించి, బంగారపు భాగానికి ఇనుము రంగు పూసిన మేకును ద్రవంలో ముంచితే రంగు పోయి, ముంచినంత మేరా ఇనుము బంగారమైనట్టు కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకుంటూ ఉండే ‘రైస్ పుల్లర్’ ముఠాల పని కూడా ఈ కోవలోదే. పిడుగు పడిన రాగిపాత్ర బియ్యపు గింజలను లాక్కుంటుందనీ, కోట్లు పలుకుతుందనీ నమ్మించడానికి వారు గింజలకు ఇనుపరజను అద్ది, పాత్రలో అయస్కాంతం దాస్తారు. వేషం మారింది, కానీ చూసేవాడు పరీక్షించే వస్తువును ముందే మార్చిపెట్టడమన్న కిటుకు మారలేదు.

అయితే హెల్వెటియస్ కథలో పరీక్షించిన కంసాలి ఉన్నాడు కదా అనవచ్చు. ఆనాటి వెండిలో సహజంగానే కొంత బంగారం కలిసి ఉండేది. బంగారాన్ని వేరుచేయడానికి వెండి కలిపి ఆమ్లంలో కరిగించే పద్ధతిలో, ఆ బంగారం వచ్చి చేరడం, పూర్తిగా కరగని వెండి మిగిలిపోవడం రెండూ బరువును పెంచగలవు. ఆ మూసలో అసలేం జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. బరువు పెరగడం ఒక్కటే రుజువు కాదని మాత్రం చెప్పవచ్చు.

వెతుకులాట దారిలో దొరికినవి తక్కువేమీ కావు. హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ పరుసవేది కోసం మూత్రాన్ని మరిగించి 1669లో భాస్వరాన్ని కనుక్కున్నాడు. బంగారం చేస్తానన్నందుకు శాక్సనీ పాలకుడు అగస్టస్ కట్టడిలో ఉంచిన బోట్గర్, చిర్న్‌హౌస్‌తో కలిసి చేసిన ప్రయోగాల వల్ల 1708లో యూరప్‌కు గట్టి తెల్ల పింగాణీ రహస్యం చిక్కింది, 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది.

కొలిమికి అందని 79

పరుసవేది అసాధ్యమని ఫలానా రోజున ఎవరూ నిరూపించలేదు. 18వ శతాబ్దపు మొదటి సగంలో విశ్వవిద్యాలయాల రసాయన శాస్త్రవేత్తలు తమ వృత్తికి గౌరవం కోసం బంగారం వేటను ‘రసవాదం’ పేరుతో వేరుచేసి వదిలించుకున్నారు. 1789లో లవాయిజే ఇచ్చిన మూలకాల పట్టికలో బంగారం ఉంది. కానీ మూలకమంటే ఇంతవరకు మనం విడగొట్టలేకపోయినది అని మాత్రమే ఆయన నిర్వచనం. రేపు ఎవరైనా విడగొట్టరని ఆయన హామీ ఇవ్వలేదు. ఆ హామీ ఇంకొక 120 ఏళ్లకు పైగా ఎవరి దగ్గరా లేదు.

1901లో మాంట్రియల్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం మీద పనిచేస్తున్న రూథర్‌ఫర్డ్, సాడీలకు ఒక మూలకం తనంతట తానే మరొకటిగా మారుతున్నట్టు తేలింది. ఇది పరివర్తనే అని సాడీ అరిస్తే, ఆ మాట అనకు, మనల్ని రసవాదులంటారని రూథర్‌ఫర్డ్ వారించాడని సాడీయే తరవాత చెప్పుకున్నాడు. 1919లో రూథర్‌ఫర్డ్ నైట్రోజన్‌ను ఆల్ఫా కణాలతో కొట్టి, కేంద్రకాన్ని మార్చవచ్చని చూపించాడు. అప్పటికి హెన్రీ మోజ్లీ ఎక్స్ కిరణాల కొలతల వల్ల ఒక లోహాన్ని మరొకటి కాకుండా చేసేదేమిటో కూడా తెలిసింది. ఇబ్న్ సీనా తెలియదన్న ఆ అసలు లక్షణం ఒక అంకె: కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. బంగారానికి 79, పాదరసానికి 80, సీసానికి 82. కొలిమి మంట కదిలించేది పరమాణువు వెలుపలి ఎలక్ట్రాన్లను. ప్రోటాన్లను కేంద్రకంలో పట్టి ఉంచే బలాన్ని సడలించాలంటే అంతకు లక్షల రెట్లు శక్తి కావాలి. ఏ బొగ్గూ, ఏ ఆమ్లమూ, ఎన్ని నెలల పుటమూ దాని దరిదాపులకు పోలేవు. రసవాదులు ఓడిపోయింది నేర్పు లేక కాదు. వారు తలుపు తట్టిన ఇంట్లో వారు వెతికిన వస్తువు లేదు.

పాదరసానికీ బంగారానికీ చుట్టరికం ఉందన్న పాత ఊహ పూర్తిగా వ్యర్థం కాలేదు. రెండింటికీ తేడా ఒక్క ప్రోటాన్. 1924లో బెర్లిన్‌లో మీఠే, టోక్యోలో నాగఓకా పాదరసంలో విద్యుత్తు పంపి బంగారం తీశామని ప్రకటించారు గానీ, ఆ బంగారం వాడిన వస్తువుల్లో ముందే ఉన్న కల్తీ అని తరవాత తేలింది. 1941లో హార్వర్డ్‌లో వేగమైన న్యూట్రాన్లతో పాదరసాన్ని నిజంగానే మార్చారు, కానీ వచ్చింది నిలవని రేడియోధార్మిక బంగారం. 1980లో బర్క్‌లీలో సీబోర్గ్ బృందం బిస్మత్ నుంచి కొన్ని వేల పరమాణువుల బంగారం తీసింది. రసవాదులు కలగన్న సీసం నుంచి బంగారం జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన కేంద్రంలో వచ్చింది. వేగంగా ఎదురెదురుగా పోతున్న సీసపు కేంద్రకాలు ఢీకొనకుండా పక్కపక్కగా దాటినప్పుడు, వాటి విద్యుదయస్కాంత క్షేత్రం ధాటికి ఒక కేంద్రకం నుంచి మూడు ప్రోటాన్లు రాలిపోతే మిగిలేది బంగారమే. 2015 నుంచి 2018 దాకా నడిచిన ప్రయోగాల్లో ఇలా సుమారు 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయని 2025లో అక్కడి ఆలిస్ ప్రయోగ బృందం లెక్కకట్టింది. అన్నీ కలిపినా వాటి బరువు 29 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 29 భాగాలు. అవి కూడా క్షణంలో వెయ్యోవంతైనా గడవకముందే, కణాలు తిరిగే గొట్టం గోడలకు తగిలి ముక్కలైపోయాయి.

నిలిచే బంగారానికి ఉన్న దారి మళ్లీ పాదరసమే. పాదరసం 197 అనే ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) సుమారు 64 గంటల అర్ధాయువుతో, అంటే అంతసేపట్లో సగం మారిపోతూ క్షీణించి, ప్రకృతిలో దొరికే బంగారం 197గానే మారుతుంది. దాన్ని పుట్టించడానికి న్యూట్రాన్ తగలాల్సిన పాదరసం 196 సహజ పాదరసంలో వెయ్యికి ఒకటిన్నర పాళ్లే ఉంటుంది. 2025లో అమెరికాకు చెందిన ఒక సంస్థ, సహజ పాదరసంలో పదో వంతు దాకా ఉండే పాదరసం 198ని, తేలిక కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ రియాక్టరులోని వేగమైన న్యూట్రాన్లతో కొట్టి ఇదే పని టన్నుల లెక్కన చేయవచ్చని ప్రతిపాదించింది. అలాంటి విద్యుత్కేంద్రం ఇంకా ప్రపంచంలో ఎక్కడా నడవడం లేదు. నడిచిన రోజున కూడా అందులోంచి వచ్చే బంగారంతో పాటు రేడియోధార్మిక ఐసోటోపులు ఉంటాయి కనుక, దాన్ని అమ్మకానికి తెచ్చేముందు చాలా ఏళ్లు నిల్వ ఉంచవలసి ఉంటుందని ఆ ప్రతిపాదనలోనే ఉంది.